సెమిస్టర్ల మధ్య షార్ట్ కోర్సు: ఫైలు ఎక్కడ ఆగుతుంది, ఎలా కదులుతుంది

ఒక సెమిస్టర్ ముగిసి ఇంకొకటి మొదలయ్యేలోపు దొరికే మూడు నాలుగు వారాల్లో కోర్సు పెట్టాలని చాలా డిపార్ట్‌మెంట్లకు ఉంటుంది. నిబంధనలు ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉన్నా, ఇబ్బందులు వచ్చే చోట్లు మాత్రం దాదాపు ఒకటే. మామూలు సెమిస్టర్ రూల్స్‌లో చాలావరకు వారాల లెక్కలో రాసి ఉంటాయి. షార్ట్ కోర్సు నడిచేది రోజుల లెక్కలో. తేడా అక్కడే వస్తుంది.

సమస్య: "గంటలు సరిపోలేదు" అని ప్రపోజల్ తిరిగొచ్చింది

కారణం: కోర్సు కాలం తగ్గింది కదా, బోధన గంటలూ కొంత తగ్గించుకోవచ్చని అనుకోవడం. క్రెడిట్ (కోర్సు బరువును కొలిచే యూనిట్) మారనంతవరకు గంటలు మారవు. భారత్‌లో యూజీసీ 2022 నాటి డిగ్రీ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం లెక్చర్ అయితే ఒక క్రెడిట్‌కు సెమిస్టర్‌లో 15 గంటలు, ప్రాక్టికల్ అయితే 30 గంటలు. అమెరికా ఫెడరల్ నిర్వచనం ప్రకారం ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారాలపాటు వారానికి గంట క్లాసు, దానికి తోడు కనీసం రెండు గంటల బయటి పని. యూరప్‌లోని ఈసీటీఎస్ అనే క్రెడిట్ పద్ధతి క్లాసునూ సొంత చదువునూ విడదీయకుండా ఒక క్రెడిట్‌కు మొత్తం 25 నుంచి 30 గంటలు అంటుంది.

పరిష్కారం: ప్రపోజల్ రాసే ముందే లెక్క వేయండి. మూడు క్రెడిట్ల లెక్చర్ కోర్సుకు 45 గంటలు కావాలి. మూడు వారాలు, అంటే 15 పనిదినాలు ఉంటే రోజుకు 3 గంటల క్లాసు. గంట క్లాసుకు రెండు గంటల సొంత చదువు కలిపితే విద్యార్థికి రోజుకు 9 గంటలు. కష్టమే, అయినా చేయగలరు. అదే కోర్సును రెండు వారాల్లో పెడితే రోజుకు నాలుగున్నర గంటల క్లాసు, తొమ్మిది గంటల చదువు, మొత్తం పదమూడున్నర. కాగితం మీద ఇది కుదురుతుంది, మనుషులకు కుదరదు. "వారానికి ఒక క్రెడిట్ మించకూడదు" అనే పరిమితి చాలాచోట్ల ఉండటానికి కారణం ఇదే. మీ నిబంధనల్లో అది లేకపోయినా పాటించడం మంచిదని నా అభిప్రాయం.

మధ్యలో వచ్చే సెలవును కూడా లెక్కలో పెట్టాలి. ఈ కోర్సులో ఒక్క రోజు పోతే సెమిస్టర్‌లో ఒక వారం పోయినట్టే. ఆ మూడు గంటలు ఎప్పుడు తీసుకుంటారో టైమ్‌టేబుల్‌లోనే రాసేస్తే ప్రపోజల్‌ను పరిశీలించే కమిటీకి అడగడానికి ఏమీ మిగలదు.

సమస్య: గంటలు సరిపోయాయి, అయినా ఆమోదం రాలేదు

కొత్త కోర్సును ఈ దారిలో తీసుకురావాలని చూసి ఉంటారు. ఇప్పటికే ఉన్న కోర్సును తక్కువ కాలంలో నడపడానికి సాధారణంగా షెడ్యూల్ అనుమతి చాలు. కొత్తదైతే బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సబ్జెక్టు సిలబస్‌ను చూసే కమిటీ), ఆ తర్వాత అకడమిక్ కౌన్సిల్ (యూనివర్సిటీ మొత్తానికి చదువుల విషయాలు తేల్చే సభ) ఆమోదం కావాలి. ఆ మీటింగులు మీ సెలవుల కోసం ముందుకు జరగవు. మొదటిసారికి పాత సిలబస్‌తోనే నడపండి.

ఒక్కోసారి కోర్సే ఈ పద్ధతికి పనికిరాదు. ఫీల్డ్ వర్క్, ల్యాబ్, ఒకే అంశం మీద లోతైన చర్చ లాంటివి వరుసగా కూర్చుంటే ఇంకా బాగా నడుస్తాయి. డ్రాఫ్ట్ రాసి, దిద్దించుకుని, మళ్లీ రాయాల్సిన కోర్సులు, లెక్కలు చేసీ చేసీ అలవాటు కావాల్సిన కోర్సులు అలా కాదు. వాటికి మధ్యలో ఖాళీ రోజులు ఉండాలి. కమిటీలో ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే "మా విద్యార్థులు తెలివైనవాళ్లు" అన్నది జవాబు కాదు. అసైన్‌మెంట్ ఏ రోజు ఇస్తారు, దిద్ది ఏ రోజు తిరిగిస్తారు అన్న పట్టిక చూపించాలి.

సమస్య: డ్రాప్, ఫీజు వాపసు, అటెండెన్స్ మీద గొడవలు

కారణం: సెమిస్టర్ గడువులను ఉన్నవి ఉన్నట్టు దించేయడం. "రెండో వారం చివరిదాకా డ్రాప్ చేయొచ్చు" అన్న రూల్‌ను మూడు వారాల కోర్సుకు పెడితే, మూడింట రెండు వంతులు అయ్యాక కూడా వెళ్లిపోవచ్చన్నమాట. పరిష్కారం: ప్రతి గడువునూ నిష్పత్తిలోకి మార్చడం. 15 వారాల్లో రెండో వారం అంటే 15 రోజుల్లో రెండో రోజు. అటెండెన్స్ 75 శాతం కావాలంటే 15 రోజుల్లో మూడు రోజులకు మించి మానకూడదు. ఈ తేదీలను శాతాల్లో కాకుండా క్యాలెండర్ తేదీలుగా, రిజిస్ట్రేషన్‌కు ముందే ప్రకటించండి.

సమస్య: చివరి నిమిషంలో కోర్సు రద్దు

కోర్సు నడవాలంటే చేరాల్సిన విద్యార్థుల కనీస సంఖ్య ఎంతో తెలుసు, ఆ సంఖ్య ఏ రోజుకు రావాలో ఎవరూ రాయలేదు. విద్యార్థులు ప్రయాణాలు ఖాయం చేసుకునే సమయానికి ముందే నడుస్తుందో లేదో తేల్చే తేదీ పెట్టండి. బోధించేవారికి విడిగా పారితోషికమా, లేక వచ్చే సెమిస్టర్ పనిభారంలో లెక్కిస్తారా అన్నది కూడా ఆలోపే రాతపూర్వకంగా ఉండాలి.

సమస్య: కోర్సు పాసయ్యాడు, తర్వాతి కోర్సుకు రిజిస్ట్రేషన్ కావడం లేదు

కారణం: ఆ తర్వాతి కోర్సుకు ముందుగా పూర్తి చేయాల్సిన కోర్సుల్లో ఇది ఉంది. గ్రేడు ఇంకా సిస్టమ్‌లోకి ఎక్కలేదు. లేదా కోర్సును వచ్చే సెమిస్టర్ కింద నమోదు చేశారు. అప్పుడు క్రెడిట్ల పరిమితి కూడా దాటినట్టు చూపిస్తుంది, విద్యార్థికి డబుల్ టెన్షన్.

పరిష్కారం: ఈ కాలానికి విడిగా ఒక టర్మ్ కోడ్ (సిస్టమ్‌లో ఆ కాలాన్ని గుర్తించే నంబరు), దానికి సొంత క్రెడిట్ పరిమితి పెట్టమని పరీక్షల విభాగాన్ని ముందే అడగండి. బ్యాక్‌లాగ్ కోసం చేరినవారి విషయంలో కొత్త గ్రేడు పాతదాని స్థానంలో వస్తుందా, రెండూ మెమోలో కనిపిస్తాయా అన్నదీ అప్పుడే తేల్చుకోండి. ఆఖరి పరీక్షకూ కొత్త సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ముగింపుకూ మధ్య దిద్దడానికి సరిపడా రోజులు లేకపోతే, గ్రేడు వచ్చేదాకా తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇచ్చే వెసులుబాటును ప్రపోజల్‌లోనే రాయించండి. ఫెయిలైతే ఆ రిజిస్ట్రేషన్ ఏ తేదీన రద్దవుతుందో కూడా అందులోనే ఉండాలి.