ఇచ్చిన అక్షరాల్లో ఇంగ్లిష్ మాటలు – 3వ పాఠం: వినిపించని అక్షరం

పోయిన పాఠం చివర ఓ, పి, ఎస్, టి అనే నాలుగు అక్షరాలు ఇచ్చాను. నాలుగూ వాడి ఎన్ని మాటలు కట్టగలరో చూడమన్నాను. వాటిని 24 రకాలుగా పేర్చవచ్చు. అందులో ఆరు నిజంగా ఉన్న మాటలు: స్టాప్, స్పాట్, పోస్ట్, పాట్స్, టాప్స్, ఆప్ట్స్. చివరిది దొరకకపోతే బాధపడకండి. పి, టి, ఎస్ మూడు హల్లులు వరసగా వచ్చి ఆగిపోయే మాట మన నోటికి అలవాటు లేదు. అలవాటు లేని శబ్దాన్ని మనసు ముందే పక్కన పడేస్తుంది. ఈరోజు పాఠమంతా ఆ పడేసిన మాటల గురించే.

ఈసారి ఆరు అక్షరాలు: ఈ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టి. చదవడం ఆపి, కాగితం మీద రాసుకుని ఐదు నిమిషాలు ప్రయత్నించండి. ఆరింటినీ వాడాలి.

ఆరు అక్షరాలకు 720 వరసలు వస్తాయి. ఒక్కో వరస రాసి చూడడానికి ఐదు సెకన్లు వేసుకున్నా గంట పడుతుంది. కాబట్టి అన్నీ రాసి చూడడం దారి కాదు. వాడుకలో ఉన్న మాటలు వీటిలో ఐదున్నాయి. చాలామందికి ముందు తట్టేది సైలెంట్. టిన్సెల్ అంటే పండగ అలంకరణల్లో వేలాడదీసే మెరుపు కాగితం. ఇన్‌లెట్స్ అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయలు. ఎన్‌లిస్ట్ అంటే సైన్యంలో చేరడం. ఐదోది రోజూ వాడే మాట, లిసన్.

నేను మొదటిసారి ఈ అక్షరాలతో కూర్చున్నప్పుడు నాలుగూ దొరికాయి, లిసన్ దొరకలేదు. టి అక్షరం ఎదురుగా ఉంది గనక, ట శబ్దం వినిపించే మాట కోసమే తిరిగాను. లిసన్‌లో టి ఉంటుంది, ట వినిపించదు. మరీ తెలిసిన మాటే కావడంతో ఆరోజంతా అది నన్ను వదల్లేదు.

మన చదువు మొదలైన తీరులోనే దీనికి కారణం ఉంది. తెలుగులో రాసినదాన్ని రాసినట్టే పలుకుతాం. పైగా గుణింతంతో నేర్చుకుంటాం కాబట్టి హల్లూ అచ్చూ కలిసి ఒకే అక్షరంగా మనసులో నిలుస్తాయి. సైలెంట్ అనగానే మనకు సై, లెం, ట్ అని మూడు ముక్కలు. ఇంగ్లిష్ కాగితం మీద అవి ఆరు విడి అక్షరాలు. మనం ముక్కల కోసం వెతుకుతుంటాం, బల్ల మీద ఉన్నవి మాత్రం విడి అక్షరాలు.

ఇప్పుడు పద్ధతి. అక్షరాలను వరసగా కాకుండా గుండ్రంగా రాయండి. అచ్చులు మధ్యలో, హల్లులు చుట్టూ. వరసగా రాస్తే మొదటి అక్షరం దగ్గరే చూపు అతుక్కుపోతుంది. గుండ్రంగా రాస్తే మొదలూ చివరా ఉండవు.

తర్వాత, తరచుగా తోకగానో తలగానో వచ్చే జంటను విడదీయండి. మన ఆరింటిలో ఈ, ఎన్ జంట ఉంది. దాన్ని పక్కన పెడితే మిగిలేవి ఎల్, ఐ, ఎస్, టి. వాటితో లిస్ట్ వెంటనే వస్తుంది. పక్కన పెట్టిన జంటను లిస్ట్ ముందు పెట్టండి: ఎన్‌లిస్ట్. వెనక పెట్టండి: చెవికి అది లిస్టెన్. అలాంటి మాట లేదని చెవి తోసిపుచ్చుతుంది. అక్కడే ఆగకండి. కాగితం మీద రాసి కంటితో చూడండి. ఎల్-ఐ-ఎస్-టి-ఈ-ఎన్. ఎన్నోసార్లు చూసిన మాటే.

చెవికీ కంటికీ ఉన్న ఈ తేడా ఎంత ముఖ్యమో ఆల్ఫ్రెడ్ బట్స్ చేసిన పని చూస్తే తెలుస్తుంది. న్యూయార్క్‌లో వాస్తుశిల్పిగా ఉన్న ఆయన 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయాక ఒక అక్షరాల ఆట తయారుచేయడానికి పూనుకున్నాడు. 1948లో దానికి స్క్రాబుల్ అనే పేరు వచ్చింది. ఆటలో ఏయే అక్షరం రాసిన బిళ్లలు ఎన్నెన్ని ఉండాలో తేల్చడానికి ఆయన న్యూయార్క్ టైమ్స్ వంటి పత్రికల పుటల్లో అక్షరాలు లెక్కపెట్టాడు. అచ్చులో కనిపించే అక్షరాలవి, నోట పలికే ధ్వనులు కావు. ఇంగ్లిష్ ఆటలో 100 బిళ్లలుంటే ‘ఈ’ అనే అక్షరానివే 12. మేక్, రైట్ (రాయడం), నైఫ్ వంటి మాటల చివర పలకకుండా కూర్చునే ‘ఈ’ కూడా ఆ లెక్కలోదే. అందుకే మీ అక్షరాల్లో ‘ఈ’ ఉంటే ముందు దాన్ని మాట చివర పెట్టి చూడండి.

మిగతా మౌన అక్షరాలు జంటలుగా తిరుగుతాయి. కె, ఎన్ రెండూ కనిపిస్తే కె-ఎన్ అని మొదట్లో పెట్టి చూడండి: నైఫ్, నీ (మోకాలు), నో (తెలుసుకోవడం). డబ్ల్యు, ఆర్ ఉంటే రైట్, రిస్ట్, రాంగ్. ఎమ్, బి ఉంటే చివర ఎమ్-బి: కోంబ్ కాదు, కోమ్ (దువ్వెన), అలాగే థమ్ (బొటనవేలు), లామ్ (గొర్రెపిల్ల). ఎస్, టి, ఎల్, ఈ ఉంటే విజిల్, కాసిల్. జి, ఎన్ జంట మోసం చేస్తుంది. ఎస్, ఐ, జి, ఎన్ ఇస్తే సింగ్ అని రాసి ఆగిపోతాం. అవే నాలుగింటితో సైన్ కూడా వస్తుంది, సంతకం.

దీనికి నేను చేసే సాధన ఒకటి చెబుతాను, తెలుగు చదివినవాళ్లకు ఇది సులువు. మౌన అక్షరం ఉన్న ప్రతి మాటకూ మనసులో రెండో ఉచ్చారణ పెట్టుకోండి. తెలుగు చదివినట్టు, ఉన్న అక్షరాలన్నీ పలుకుతూ: లిస్టెన్, క్నైఫె, థంబ్, సిగ్న్, కాస్ట్‌లె. ఇది పైకి అనడానికి కాదు, వెతకడానికి. ఒక నోటుపుస్తకంలో రోజుకు ఐదు మాటలు ఇలా రాసుకుంటూ పోతే, చెవి కూడా ఆ అక్షరాన్ని వినడం మొదలుపెడుతుంది. చిన్నప్పుడు స్పెల్లింగులు వల్లెవేసిన అలవాటు ఇక్కడ బాగా పనికొస్తుంది.

వచ్చే పాఠంలో ప్రశ్న మారుతుంది: ఇచ్చిన అక్షరాలతో పాటు వేరేవీ ఉండవచ్చు అన్నప్పుడు ఎలా వెతకాలో చూద్దాం. ఈలోగా ఈ మూడూ చేయండి. అన్ని అక్షరాలూ వాడాలి.

జి, హెచ్, ఐ, ఎన్, టి. రెండు మాటలున్నాయి. ఒకదానిలో జి, హెచ్ పక్కపక్కనే ఉండి రెండూ పలకవు.

ఏ, సి, ఈ, ఎల్, ఎస్, టి. ఒకటి పైన చెప్పిన జాబితాలోనే ఉంది. ఇంకొకటి ఆటగాళ్ల బూట్ల అడుగున ఉంటుంది.

ఏ, ఈ, ఎన్, ఆర్, ఎస్, డబ్ల్యు. డబ్ల్యు ఎక్కడ పెట్టినా చెవికి నప్పదు. బడిలో ప్రతి ప్రశ్న తర్వాతా మీరు రాసిన మాటే ఇది.