జాతకంలో ఆరోగ్యం – నాల్గవ పాఠం: దీర్ఘరోగాన్ని ఎలా చూడాలి

కిందటి పాఠంలో కాలపురుషుడి అంగవిభాగం, అంటే ఏ రాశి ఒంట్లో ఏ భాగమో, గ్రహాల ధాతువులు రాసుకున్నాం. మేషం తల, వృషభం ముఖం, మిథునం రొమ్ము-భుజాలు, కర్కాటకం గుండె, సింహం పొట్ట, కన్య నడుము, తుల పొత్తికడుపు, వృశ్చికం గుహ్యాంగాలు, ధనుస్సు తొడలు, మకరం మోకాళ్లు, కుంభం పిక్కలు, మీనం పాదాలు. రవికి ఎముకలు, చంద్రుడికి రక్తం, కుజుడికి మజ్జ, బుధుడికి చర్మం, గురుడికి కొవ్వు, శుక్రుడికి శుక్రధాతువు, శనికి స్నాయువులు. ఈ రెండు వరసలూ పుస్తకం చూడకుండా చెప్పగలిగితేనే ఇవాళ్టి పాఠం ఒంటబడుతుంది. ఇంకా తడబడుతుంటే ముందు వాటిని వల్లె వేసి, తర్వాత ఇటు రండి.

ఏ అంగానికి ఇబ్బంది సూచన ఉందో చూడడం ఆ పాఠంతో అయింది. ఆ ఇబ్బంది నాలుగు రోజులుండి పోయేదా, ఏళ్ల తరబడి వెంట ఉండేదా అని చూడడం ఇవాళ్టి పని. షుగర్, బీపీ, ఉబ్బసం, కీళ్లవాతం, థైరాయిడ్ లాంటివి ఉన్నవాళ్లు జాతకం చేతికిచ్చి అడిగేది ఒక్కటే: "ఇది ఎప్పటికి తగ్గుతుందండీ?" మందులతో విసిగిపోయి, ఖర్చులతో అలిసిపోయి అడిగే ప్రశ్న అది. దానికి వేళ్ల మీద లెక్కపెట్టి తేదీ చెప్పేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే హద్దు ముందే గీస్తున్నాను. జాతకం రోగనిర్ధారణ చేయదు. రక్తపరీక్ష చెప్పే సంగతి జన్మకుండలి చెప్పదు. ఒంట్లో ఏ చోటు బలహీనం, ఏ కాలం గడ్డుది అన్న సూచన వరకే మన శాస్త్రం పరిధి. ఇకపై నేను "ఫలానా రోగం" అన్నప్పుడల్లా "ఫలానా రోగానికి సంప్రదాయం చెప్పే సూచన" అనే చదువుకోండి.

ఆరు వేరు, ఎనిమిది వేరు

లగ్నం, అంటే పుట్టినప్పుడు తూర్పున ఉదయిస్తున్న రాశి, మొదటి ఇల్లుగా లెక్కిస్తే వచ్చే ఆరు, ఎనిమిది, పన్నెండు ఇళ్లు మూడూ దుస్థానాలే, చెడ్డ చోట్లే కదా అని చాలామంది ఒకే గాటన కట్టేస్తారు. రోగవిచారంలో ఆ పద్ధతి కొంప ముంచుతుంది.

ఆరోది రోగ, రుణ, శత్రు స్థానం. ఈ మూడింటినీ పెద్దలు ఒకచోట పెట్టడంలో అర్థం ఉంది. అప్పు కష్టపడి తీర్చవచ్చు, శత్రువును ఎదిరించి గెలవవచ్చు, రోగాన్ని మందుతో పథ్యంతో లొంగదీయవచ్చు. పైగా ఆరు ఉపచయ స్థానం, అంటే కాలం గడిచేకొద్దీ ఫలం మెరుగయ్యే ఇల్లు. పాపగ్రహం అక్కడ బలంగా ఉంటే రోగాన్ని తొక్కిపట్టే సత్తువ ఇస్తాడంటారు. ఆరులో కుజుణ్ణి చూడగానే బెంబేలెత్తిపోయే విద్యార్థులు ఈ వాక్యం మళ్లీ చదవాలి.

ఎనిమిదోది ఆయుఃస్థానం. గుట్టుగా లోపల ఉండేవి, చాలా కాలానికి గాని బయటపడనివి దీని పాలు. ఆరులో మొదలైన రోగానికి ఎనిమిదితో బంధం పడితే అది చుట్టపుచూపుగా వచ్చి ఇంటిమనిషిగా తిష్ట వేసినట్టే. ఆ బంధం ఎలా పడుతుంది? ఆరో అధిపతి ఎనిమిదిలో ఉండవచ్చు, ఎనిమిదో అధిపతి ఆరులో ఉండవచ్చు, ఇద్దరూ ఒకే రాశిలో ఉండవచ్చు, ఒకరినొకరు చూసుకోవచ్చు, ఇళ్లు మార్చుకోవచ్చు. పన్నెండోది మంచం పట్టడానికి, ఆసుపత్రి ఖర్చుకు. ఇవాళ దాని జోలికి పెద్దగా వెళ్లం.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది లగ్నం. ఒళ్లే లగ్నం. లగ్నాధిపతి గట్టిగా ఉంటే ఆరు-ఎనిమిది బంధం ఉన్నా మనిషి దాన్ని మోసుకుంటూ తన పని తాను చేసుకుంటాడు. లగ్నాధిపతి నీచలో అంటే బలం బాగా తగ్గే రాశిలోనో, అస్తంగతుడై అంటే రవికి మరీ దగ్గరగానో, దుస్థానంలోనో చిక్కుకుంటే చిన్న జబ్బు కూడా పెద్దగా బాధిస్తుంది. చక్రం చేతికి రాగానే కళ్లు ఆరో ఇంటి మీదికి పరుగెత్తకుండా ఆపుకోవడం ఈ విద్యలో మొదటి క్రమశిక్షణ.

శనిని ఒంటరిగా నమ్మకండి

జబ్బు నడకను గ్రహం నడకతో పోల్చి చూడడం సంప్రదాయం. కుజుడు పైత్యకారకుడు. జ్వరం, గాయం, రక్తస్రావం, కత్తిగాటు ఆయన పాలు. ఉధృతంగా వస్తాయి, తేలిపోతాయి. శని వాతకారకుడు, మందుడు. రాశికి రెండున్నరేళ్లు, పన్నెండు రాశులు చుట్టి రావడానికి సుమారు 29న్నర ఏళ్లు తీసుకుంటాడు. ఆయన సూచించే జబ్బు ఎప్పుడు మొదలైందో రోగి కూడా చెప్పలేడు. "ఎప్పుడో వచ్చిందండీ, పట్టించుకోలేదు" అంటాడు. రాహువు సంబంధం ఉంటే ఒక పట్టాన అంతుపట్టని జబ్బు అంటారు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. శని ఆరును చూశాడు, కాబట్టి దీర్ఘరోగం అని రాసేస్తారు. లెక్క వేసి చూడండి. శని తానున్న రాశిని తాకుతాడు, అక్కణ్ణుంచి మూడు, ఏడు, పది రాశులను చూస్తాడు. అంటే పన్నెండింట నాలుగిళ్లు. ఏ చక్రం తీసుకున్నా మూడోవంతు ఇళ్ల మీద శని ఛాయ ఉంటుంది. ఆరో ఇంటిని, దాని అధిపతిని, ఎనిమిదో ఇంటిని, దాని అధిపతిని విడివిడిగా వెతికితే ఎక్కడో ఒకచోట శని దొరకని జాతకం అరుదు. అందరికీ పట్టే సూత్రం ఎవరికీ పనికిరాదు. అందుకే భావం అంటే ఇల్లు, భావాధిపతి అంటే దాని యజమాని, కారకుడు అంటే ఆ విషయాన్ని సహజంగా సూచించే గ్రహం, మూడూ ఒకే మాట చెబితేనే నోరు విప్పమని పెద్దలు నేర్పారు. రెండే కలిస్తే నోట్సులో రాసుకోండి, జాతకుడికి చెప్పకండి. ఒకటే ఉంటే రాసుకోనూ వద్దు.

ఒక చక్రం

అభ్యాసం కోసం ఈ చక్రం కట్టాను. కాగితం మీద వేసుకోండి. సింహ లగ్నం. మకరంలో రవి, బుధుడు. మీనంలో 11 డిగ్రీల మీద శని. ధనుస్సులో గురుడు. మేషంలో కుజుడు. కుంభంలో శుక్రుడు. తులలో చంద్రుడు, స్వాతి నక్షత్రం సరిగ్గా సగం గడిచింది. రాహుకేతువులను ప్రస్తుతానికి వదిలేద్దాం.

లగ్నాధిపతి రవి. ఆరో ఇల్లయిన మకరంలో, శత్రువు ఇంట ఉన్నాడు. ఆ ఇంటి యజమాని శని, అంటే ఆరో అధిపతి, ఎనిమిదో ఇల్లయిన మీనంలో ఉన్నాడు. మీనాధిపతి గురుడు ధనుస్సులో ఉండగా శని పదో చూపు ఆయన మీద పడుతోంది. ఇప్పుడు ముగ్గురు సాక్షులనూ పిలవండి. భావం: ఆరులో లగ్నాధిపతి చిక్కుకున్నాడు. భావాధిపతి: ఆరో అధిపతి ఎనిమిదిలో కూర్చుని, ఎనిమిదో అధిపతిని కూడా చూస్తున్నాడు. కారకుడు: దీర్ఘరోగ కారకుడు శనే ఇక్కడ ఆరో అధిపతి. మూడూ కలిశాయి. దీర్ఘకాలం నడిచే ఇబ్బందికి సూచన ఉందని ఇప్పుడు అనవచ్చు.

ఏ ఇబ్బంది? మకరం మోకాళ్లు, రవి ఎముకలు, శని స్నాయువులు, వాతం. అన్నీ కీళ్లవైపే చూపిస్తున్నాయి. శని ఉన్న మీనం పాదాలు కాబట్టి నడక కూడా ఇందులోకి వస్తుంది. ఇంతకంటే ముందుకెళ్లి అది అరుగుదలా, కీళ్లవాతమా, యూరిక్ యాసిడా అని పేరు పెట్టబోకండి. అది వైద్యుడి పని.

ఇప్పుడు రెండో వైపు చూడాలి. చాలా పాఠాలు ఇక్కడ ఆగిపోతాయి, నాకు మాత్రం ఇదే ముఖ్యం. స్వక్షేత్రంలో, అంటే సొంత రాశిలో ఉన్న గురుడు తొమ్మిదో చూపుతో లగ్నాన్ని చూస్తున్నాడు. ఒంటికి ఇది పెద్ద అండ. శని 11 డిగ్రీల మీద అంటే ఉత్తరాభాద్ర మూడో పాదం. తన నక్షత్రమే. నవాంశ, అంటే రాశిలో తొమ్మిదో వంతు, లెక్కకడితే మీనానికి కర్కాటకం నుంచి మొదలు, నాలుగో నవాంశ తుల. శనికి అది ఉచ్చ, అంటే అత్యంత బలమిచ్చే రాశి. రాశిలో ఎనిమిదిలో ఉన్నా లోపల బలం ఉన్నవాడు. పైగా ఆయుష్కారకుడు ఆయుఃస్థానంలో ఉంటే దీర్ఘాయువు అని పెద్దలమాట. జబ్బు దీర్ఘం, ఆయువూ దీర్ఘం. పథ్యం పాటిస్తూ, మందు వాడుతూ చాలా ఏళ్లు బతికే జాతకమని చదవాలి.

ఆరో అధిపతి ఎనిమిదిలో ఉంటే విపరీత రాజయోగం, అంటే చెడ్డ ఇంటి అధిపతి చెడ్డ ఇంట్లోనే ఉండి మేలు చేసే యోగం కదా అని కొందరికి సందేహం వస్తుంది. నిజమే. కానీ లగ్నాధిపతి తానే ఆరులో ఉన్నప్పుడు ఆ యోగాన్ని నేను డబ్బు, పోటీ విషయాలకే వాడతాను, ఒంటికి వాడను.

ఎప్పుడు?

చక్రంలో ఉన్నంత మాత్రాన పుట్టిన రోజునుంచీ బాధించదు. దశ, అంటే ఆ గ్రహం ఫలమిచ్చే కాలం, రావాలి. స్వాతి రాహు నక్షత్రం. సగం గడిచింది కాబట్టి 18 ఏళ్ల రాహుదశలో 9 ఏళ్లు మిగిలాయి. తర్వాత గురుడు 16, అంటే 25 ఏళ్ల దాకా. అక్కణ్ణుంచి శని 19, అంటే 44 దాకా.

శని దశ అంతా ఒకే తీరున ఉండదు. దశలోని చిన్న భాగాలైన అంతర్దశలు కట్టండి. రెండు గ్రహాల దశా సంవత్సరాలను గుణించి పదితో భాగిస్తే నెలలు వస్తాయి. శనిలో శని: 19ని 19తో గుణిస్తే 361, అంటే 36.1 నెలలు, 3 సంవత్సరాల 3 రోజులు. శనిలో బుధుడు 2 సంవత్సరాల 8 నెలల 9 రోజులు. కేతువు 1 సంవత్సరం 1 నెల 9 రోజులు. శుక్రుడు 3 సంవత్సరాల 2 నెలలు. ఇవన్నీ 25కు కలిపితే 34 ఏళ్ల 11 నెలల 21 రోజులకు శనిలో రవి మొదలవుతుంది. 11 నెలల 12 రోజులు నడుస్తుంది. ఆరో అధిపతి దశలో, ఆరులో ఉన్న లగ్నాధిపతి అంతర్దశ. జాగ్రత్తగా చూడాల్సిన కాలం ఇదే.

గోచారంతో, అంటే ఆ కాలంలో గ్రహం తిరుగుతున్న రాశితో, సరిచూడండి. పుట్టినప్పుడు మీనంలో ఉన్న శని 29న్నర ఏళ్లకు మళ్లీ అక్కడికి వచ్చి, మేషం దాటి, 33 దాటాక వృషభంలో అడుగుపెట్టి 36 దరిదాపుల దాకా ఉంటాడు. చంద్రుడున్న తులకు వృషభం ఎనిమిదోది. అష్టమ శని. దశ, అంతర్దశ, గోచారం మూడూ ఒకే చోట కలిశాయి. అయితే దశానాథుడైన శనికి రవి పదకొండో ఇంట ఉన్నాడు. ఒకరికొకరు ఆరు, ఎనిమిది ఇళ్లలో ఉండే పొత్తు కాదు కాబట్టి తీవ్రత తగ్గించి చెప్పాలి.

జాతకుడికి ఏం చెప్పాలి

ఇంత లెక్క వేశాక ఆ ముప్పై ఏళ్ల మనిషి ఎదురుగా కూర్చుంటే నోటివెంట ఏం రావాలి? "కీళ్ల నొప్పుల్ని అశ్రద్ధ చేయకండి, బరువు పెరగనివ్వకండి, నొప్పి ఉంటే ఎముకల డాక్టరుకు చూపించుకోండి." అంతే. అష్టమ శని అనే మాట కూడా ఎత్తాల్సిన పనిలేదు. భయంతో ఇంటికి పంపిన జాతకుడికి మనం చేసిన మేలేమీ లేదు. శని ఈ లగ్నానికి ఏడో అధిపతి కూడా. మారకం, అంటే మరణం సంగతి అడిగినా చెప్పకండి. ఆ విచారణ ఈ పాఠాల్లో ఎక్కడా రాదు.

పరిహారాల విషయంలో పాత శ్లోకమే దారి చూపిస్తుంది: "జన్మాంతర కృతం పాపం వ్యాధిరూపేణ బాధతే, తచ్ఛాంతిరౌషధైర్దానైః జపహోమార్చనాదిభిః." శాంతికి చెప్పిన వరస చూడండి. ఔషధం మొదట. తర్వాత దానం, ఆపైన జపం, హోమం, అర్చన. నవగ్రహ ప్రదక్షిణ చేయించండి, నువ్వులు దానం ఇప్పించండి, విష్ణుసహస్రనామం చదివించండి. మనసుకు ఊరట దొరుకుతుంది. మందు మానమని మాత్రం ఎవరికీ ఎప్పుడూ చెప్పకండి. ఇన్సులిన్ మీద ఉన్న మనిషి ఒక్క జ్యోతిష్కుడి మాట విని మందు ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషనుకు ముహూర్తం అడిగితే, వైద్యుడు ఆగవచ్చన్నప్పుడే పంచాంగం తెరవండి. గుండెనొప్పికి, పక్షవాతానికి ముహూర్తం లేదు.

చట్టం కూడా తెలుసుకోండి. తాయెత్తు, మంత్రం, కవచంతో మధుమేహం, క్యాన్సర్, మూర్ఛ లాంటి జబ్బులు నయమవుతాయని ప్రకటించుకోవడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

అభ్యాసం

ధనుర్లగ్నం. వృషభంలో గురుడు. కర్కాటకంలో శుక్రుడు. వృశ్చికంలో శని. మకరంలో కుజుడు. ముందు లగ్నాధిపతి స్థితి రాయండి. తర్వాత ఆరుకూ ఎనిమిదికీ బంధం ఎలా పడిందో రాయండి. శని ఆరును చూస్తున్నాడు, ఉచ్చ కుజుడు ఎనిమిదిని చూస్తున్నాడు. ఇద్దరిలో ఎవరి స్వభావం పైచేయిగా ఉంటుంది, జబ్బు ఉధృతంగా వచ్చి పోయేదా, నిలిచేదా అన్నది కారణాలతో తేల్చండి. అంగం, ధాతువు చివర రాయండి. "శని చూశాడు కాబట్టి" అనే ఒక్క కారణంతో ముగించిన జవాబును కొట్టేసి మళ్లీ మొదలుపెట్టండి.

ఐదో పాఠంలో ఈ చక్రానికి జవాబు చూసి, ద్రేక్కాణాలతో అంగాన్ని ఇంకా దగ్గరగా గుర్తించే పద్ధతి మొదలుపెడదాం. ఒక్కో రాశిని పదేసి డిగ్రీల చొప్పున మూడు ముక్కలు చేసి, ఏ రాశిలో ఏ ద్రేక్కాణానికి అధిపతి ఎవరో ఈలోగా పట్టిక వేసి ఉంచుకోండి.