గ్యాస్ మాత్ర అడిగే ముందు ఒంట్లో ఏం మారిందో చూసుకోండి

గుంటూరు బ్రాడీపేటలో మందుల షాపు కౌంటర్ వెనక పంతొమ్మిదేళ్లుగా నిలబడుతున్నాను. ఇన్నేళ్లలో ఎక్కువగా విన్న మాటలు నాలుగు: గ్యాస్, నీరసం, వేడి చేసింది, నరాల బలహీనత. గుండెపోటుతో వచ్చినాయన కూడా గ్యాస్ అనే అన్నాడు, షుగర్ 400 దాటినావిడ కూడా నీరసం అనే అంది. జబ్బుకి పేరు మనమే పెట్టేసుకుని, ఆ పేరుకి మాత్ర అడుగుతాం, మాత్రతో రెండు రోజులు సర్దుకుంటుంది, లోపలిది లోపల ముదురుతూనే ఉంటుంది. నేను డాక్టర్ని కాను, ఫలానా జబ్బని తేల్చి చెప్పే పని నాది కాదు. ఏ గుర్తులు కనిపిస్తే మాత్రల జోలికి పోకుండా పరీక్షకి వెళ్లాలో మాత్రం చెప్పగలను.

నొప్పి ఎక్కడుంది అని వెతకడం కంటే ఏం మారింది అని చూడటం మంచిది. చాలా జబ్బులు మొదట్లో అసలు నొప్పి పెట్టవు. రాత్రి బాత్రూమ్‌కి లేవడం, చెప్పులు బిగుతుగా అనిపించడం, రోజూ ఎక్కే మెట్ల మధ్యలో ఆగడం, ప్రాణమిచ్చే ఆవకాయ కూడా వద్దనిపించడం... ముందు ఇలాంటి వాటిలోనే బయటపడతాయి. అది కూడా ఆ మనిషికంటే పక్కనున్న వాళ్లకే ముందు కనిపిస్తుంది.

మా నాన్న విషయంలో మాకు కనిపించింది, కానీ అర్థం కాలేదు. మే నెల, మిట్టమధ్యాహ్నం, కూరగాయల సంచి పట్టుకుని నడిచి ఇంటికొచ్చారు. గుమ్మంలో మా అమ్మ ఎదురొచ్చి "అదేంటండీ, ఎడమ కాలి చెప్పేదీ?" అంటే అప్పుడు కిందకి చూసుకున్నారు. దారిలో ఎక్కడో జారిపోయింది, ఆయనకి తెలియలేదు. ఆ ఎండకి కాలిపోతున్న తారు రోడ్డు మీద ఒట్టి కాలితో నడిచొచ్చారు, అరికాలంతా బొబ్బలు, మంట కూడా తెలియలేదు. ఇంటిల్లిపాదీ కాలిన గాయం గురించే కంగారుపడ్డాం, షాపు నుంచి ఆయింట్‌మెంట్ నేనే తెచ్చి రాశాను. అంత కాలితే మంట ఎందుకు తెలియలేదు అన్న ప్రశ్న మాలో ఒక్కరికీ రాలేదు, మందుల మధ్య బతికే నాకు కూడా. మూడు వారాలైనా పుండు మానకపోతే రక్తపరీక్ష చేయించాం. పరగడుపున షుగర్ 286. ఎన్నేళ్ల నుంచో ఉండి ఉంటుంది, కాళ్ల నరాలు మొద్దుబారాయి అన్నారు డాక్టరు గారు. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రెండేళ్లుగా రాత్రి మూడేసి సార్లు లేస్తుంటే వయసు అనుకున్నాం. మంచం పక్కన చెంబు పోయి రెండు లీటర్ల సీసా వస్తే ఎండలు అనుకున్నాం. నడుము సన్నబడి బెల్టుకి కొత్త బెజ్జం పొడుచుకుంటే, నడక మొదలుపెట్టారు కదా అని సంతోషించాం కూడా.

అందుకే షుగర్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను. దాహం, మాటిమాటికీ మూత్రం, తింటున్నా బరువు తగ్గడం అందరికీ తెలిసినవే. తెలియనివి కొన్నున్నాయి. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా, ముట్టుకుంటే వెల్వెట్ గుడ్డలా మారడం. పిల్లలకి ఇలా ఉంటే మట్టి పేరుకుందని పీచుతో రుద్దుతారు, అది రుద్దితే పోయేది కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి గుర్తు. మర్మాంగాల దగ్గర దురద తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడం, సిగ్గుపడి క్రీము మాత్రం అడిగి తీసుకెళ్లిపోతారు. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకపోవడం. చూపు ఒక వారం బాగుండి ఇంకో వారం మసకగా ఉండటం. వీటిలో ఏ రెండు కలిసి కనిపించినా పరగడుపున షుగర్, గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. పరగడుపున 126 గానీ అంతకు మించి గానీ ఉన్నా, హెచ్‌బీఏ1సీ 6.5 గానీ ఆ పైన గానీ ఉన్నా షుగర్ అంటారు, మామూలుగా రెండోసారి చేసి ఖాయం చేస్తారు. 100 నుంచి 125 మధ్య ఉంటే ఇంకా రాలేదని ఊపిరి పీల్చుకుని వదిలేయకండి, తిండి, నడకతో వెనక్కి తిప్పగలిగే అవకాశం ఉన్నది అప్పుడే. షుగర్ ఉన్నవాళ్లు రోజూ పడుకోబోయే ముందు అరికాళ్లు చూసుకోవాలి, వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టుకుని అయినా.

ఇక గ్యాస్. జనవరి నెల, పొద్దున్నే షాపు తీసిన కాసేపటికి మా ఊరి మిర్చి మార్కెట్ యార్డుకి మిరపకాయలు తెచ్చిన ఒక పెద్దాయన వచ్చి "ఛాతీలో కాదయ్యా, ఇక్కడ" అని బొడ్డుకి పైన చెయ్యి పెట్టి చూపించాడు. బయట చలిగా ఉంది, ఈయన మాత్రం కండువాతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు, తుడిచిన చోటే మళ్లీ చెమట. "బాబాయ్ గారూ, కూర్చోండి" అని స్టూలు వేసి, మాత్ర ఇవ్వకుండా 108కి ఫోన్ చేశాను. పెద్దాసుపత్రిలో ఈసీజీ తీస్తే గుండెపోటు. బతికాడు, ఆ తర్వాత ఒకసారి కొడుకుతో కలిసి షాపుకి కూడా వచ్చాడు.

తిన్నాక మంట, పడుకుంటే గొంతులోకి పులుపు రావడం, త్రేన్పు వస్తే హాయిగా ఉండటం, ఇవి ఎక్కువగా ఎసిడిటీవి. నడిస్తే ఎక్కువై ఆగితే తగ్గే బరువు, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఒత్తిడి, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, చల్లటి చెమట, ఇవి గుండెవి. కానీ ఆడవాళ్లలో, పెద్దవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో నొప్పే లేకుండా ఒట్టి ఆయాసం, వాంతి, ఉన్నట్టుండి ఒళ్లు తేలిపోయినట్టు నీరసంతోనే గుండెపోటు రావచ్చు. కాబట్టి అనుమానం ఉంటే సోడా తాగి చూద్దాం అని గంట పోగొట్టకండి, బండి నడుపుకుంటూ వెళ్లొద్దు, మెట్లు ఎక్కొద్దు. మొదటి ఈసీజీ బాగానే ఉన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయమని అడగండి, ఒక్కోసారి మొదటిదాంట్లో కనిపించదు. మన కారానికి నిజంగానే కడుపులో మంట వచ్చేవాళ్లున్నారు, కాదనను. అయితే నెలల తరబడి మాత్ర లేనిదే గడవని స్థితి ఉన్నా, ముద్ద గొంతులో అడ్డుపడుతున్నా, విరేచనం తారులా నల్లగా జిగటగా వస్తున్నా గొట్టంతో కడుపు లోపల చూసే ఎండోస్కోపీ గురించి డాక్టర్ని అడగాల్సిందే. నల్ల విరేచనం అంటే కడుపులో పుండు నుంచి రక్తం పోతోందేమో. ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగా వస్తుంది, ఆ సంగతి కూడా డాక్టరుకి చెప్పండి.

ఐరన్ అంటే గుర్తొచ్చింది. చేటలో బియ్యం చెరుగుతూ గుప్పెడు నోట్లో వేసుకునే అమ్మాయిల్ని మీరూ చూసి ఉంటారు. పటపట నములుతూ ఉంటారు, పెళ్లిలో వానొస్తుందని పెద్దవాళ్లు తిడతారు. కొందరు బలపాలు, కొందరు ఫ్రిజ్‌లో ఐసుగడ్డలు. అది చెడ్డ అలవాటని తిట్టకండి, చాలాసార్లు అది రక్తహీనత. దాంతోపాటు మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, జుట్టు రాలడం, కింది కనురెప్ప లాగి చూస్తే ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉండటం. ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12, గర్భిణులకి 11, మగవాళ్లకి 13 కంటే తగ్గితే రక్తం తక్కువున్నట్టు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, అంటే మన ఇంట్లోనూ ఒకరు ఉండే అవకాశమే ఎక్కువ. నెలసరిలో ఎక్కువ పోతోందా, నులిపురుగులున్నాయా అని కారణం చూడాలి. మగవాళ్లకి, నెలసరి ఆగిన ఆడవాళ్లకి రక్తం తగ్గితే ఇంకా జాగ్రత్త, లోపల ఎక్కడ పోతోందో కనుక్కోకుండా ఒట్టి టానిక్ తాగొద్దు. ఐరన్ మాత్ర టీతో వేసుకుంటే సరిగ్గా ఒంటబట్టదు, నిమ్మరసంతో వేసుకోండి.

విజయవాడలో మా పిన్ని నడివేసవిలో ఫ్యాన్ ఆపేయమని గొడవ చేసేది, ఒళ్లంతా పొడిబారి, మలబద్ధకం, తిండి తక్కువే అయినా బరువు పెరగడం, పొద్దుటి నుంచే మత్తు. టీఎస్‌హెచ్ పరీక్ష ఒక్కటి చేయిస్తే థైరాయిడ్ అని తేలింది. బెజవాడ ఎండలో చలి వేస్తోందని ఎవరన్నా అంటే ఆ ఒక్క పరీక్ష చేయించండి, చాలు.

జ్వరాల దగ్గర చెయ్యి పెట్టి చూడటం మానేసి థర్మామీటర్ కొనండి. ఎప్పుడు ఎంత ఉందో కాగితం మీద రాసి పెట్టుకుంటే డాక్టరుకి సగం పని తగ్గుతుంది. వానలు మొదలయ్యాక ఉన్నట్టుండి ఎక్కువ జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లు విరిచేసినట్టు ఉంటే డెంగీ అనుమానించాలి. మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్‌ఎస్1 పరీక్షలో తెలుస్తుంది. పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా వద్దు; బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఇప్పటికే గుండెకి ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు మాత్రం సొంతంగా ఆపకుండా డాక్టర్ని అడగండి. అందరూ పొరబడేది ఇక్కడే: మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు జ్వరం తగ్గుతుంది, హమ్మయ్య అనుకుంటారు, డెంగీలో ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం, మనిషి మగతగా ఉండటం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా బొప్పాయాకు రసం నూరుతూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే పట్టుకుని టెన్షన్ పడేవాళ్లని రోజూ చూస్తాను, మనిషి ఎలా ఉన్నాడో చూడటం అంతకంటే ముఖ్యం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా బంధువులు ఆ నీళ్లలోనే రోజుల తరబడి తిరిగారు. అలా వరద నీళ్లలో గానీ, వరి మడిలో గానీ తిరిగినవాళ్లకి ఒకటి రెండు వారాల్లో జ్వరం వచ్చి, పిక్కలు ముట్టుకోనివ్వనంత నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే అది ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. "నీళ్లలో తిరిగాను" అని మీరు చెప్పకపోతే డాక్టరుకి తట్టకపోవచ్చు. చలితో వణికించి, చెమట పట్టి దిగి, మళ్లీ వచ్చే జ్వరానికి మలేరియా చూడాలి. వారం దాటినా రోజురోజుకీ పెరిగే జ్వరానికి టైఫాయిడ్ చూడాలి, అయితే ఒక్క వైడాల్ పరీక్ష నమ్మి మందులు మొదలుపెట్టొద్దు, అది చాలాసార్లు తప్పుగా చూపిస్తుంది. యాంటీబయాటిక్ వేసుకోకముందే రక్తంలో క్రిములున్నాయేమో పెంచి చూసే బ్లడ్ కల్చర్‌కి ఇస్తే నమ్మకంగా తెలుస్తుంది.

దగ్గు విషయంలో గుంటూరుకి ఒక చిక్కుంది. యార్డులో పనిచేసేవాళ్లు, కాయల తొడిమలు తీసేవాళ్లు దగ్గితే ఎవరూ పట్టించుకోరు, మిరప ఘాటులే అంటారు. ఘాటు దగ్గు సెలవు రోజున తగ్గుతుంది. సెలవులోనూ తగ్గకుండా రెండు వారాలు దాటితే, సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతుంటే, రాత్రి చెమటకి తలగడ తడుస్తుంటే, బరువు తగ్గుతుంటే కళ్లె పరీక్ష చేయించాలి. టీబీకి పరీక్ష, మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, మందులు వాడినన్నాళ్లూ తిండికని నెలకి 1000 రూపాయలు కూడా ఇస్తారు. మందులు మామూలుగా ఆరు నెలలు, రెండు నెలలకే బాగైపోయానని ఆపేస్తే మొండి టీబీగా మారే ప్రమాదం ఉంది.

పొద్దున లేవగానే ముఖం ఉబ్బడం, సాయంత్రానికి పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడటం, మూత్రంలో నురగ నిలిచిపోవడం ఉంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలియడానికి మూత్రపరీక్ష, క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించండి, మోకాళ్ల నొప్పులకి ఏళ్ల తరబడి మాత్రలు మింగేవాళ్లు మరీ ముఖ్యంగా. బీపీకి మాత్రం గుర్తుల కోసం ఎదురుచూడకండి, చాలామందికి ఏ గుర్తూ ఉండదు. ముప్పై దాటిన ప్రతివాళ్లూ ఏడాదికోసారి చూపించుకోవాలి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక, కాఫీ తాగి అరగంటయ్యాక. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 దాటుతుంటే మందు గురించి డాక్టర్ని అడగాలి. మూతి ఒక పక్కకి పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వస్తున్నా అది పక్షవాతం, గడియారం చూసి టైము గుర్తుపెట్టుకోండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ని ఈ గుర్తులు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, నాటు వైద్యానికి తీసుకెళ్తే ఆ టైము దారిలోనే అయిపోతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రలన్నీ, కషాయాలూ పసర్లతో సహా, ఒక సంచిలో వేసుకెళ్లండి. ఎప్పటి నుంచి, ఏ టైములో ఎక్కువ, దేనితో తగ్గుతోంది, కొత్తగా ఏం మారింది, ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి, అక్కడికి వెళ్లాక అన్నీ మర్చిపోతాం. షాపుకి వచ్చినా అంతే. పింక్ మాత్ర ఇవ్వండి, పోయినసారి ఇచ్చిన పొడుగుది ఇవ్వండి అని అడగొద్దు. రెండు నెలలుగా రాత్రి మూడుసార్లు లేస్తున్నానని చెప్పండి, మాత్ర ఇవ్వకుండా ల్యాబ్ ఎక్కడుందో చూపిస్తాను, రేపు పొద్దున్న ఏమీ తినకుండా వెళ్లండి.