కొబ్బరి తాడు మీద రెట్రోవైరస్‌ను అతికించి చూపడం

కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. నిరుడు ఎయిడ్స్ పాఠంలో ఒక అమ్మాయి లేచి, "మందులు వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గుతుందన్నారు కదా మేడం, మరి ఆపేస్తే మళ్లీ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని అడిగింది. మన కణం డీఎన్‌ఏలోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి, అని చెప్పి బోర్డు మీద బొమ్మ గీశాను. ఆ పిల్ల ముఖం చూస్తే అర్థం కాలేదని తెలిసిపోయింది. మర్నాడు తాడు పట్టుకెళ్లాను. మా వీధిలో దానికేం కరువు!

రెండు పేటల కొబ్బరి తాడు రెండు మీటర్లు తీసుకోండి. అది కణం డీఎన్‌ఏ. అలాంటిదే అరమీటరు ముక్కకు నీలం రంగు వేయండి, అది ఎయిడ్స్ తెచ్చే హెచ్‌ఐవీ వైరస్ డీఎన్‌ఏ. ఎర్ర పెయింటు, కత్తెర, సెల్లోటేపు, కొన్ని విడి పేటలు కూడా ఉండాలి.

ముందు పిల్లల చేతికి ఒంటి పేట ఇవ్వండి. వైరస్ లోపలికి వచ్చేటప్పుడు తెచ్చేది ఆర్‌ఎన్‌ఏ, అంటే ఒంటి పేటే. దాన్ని చూసి జంట పేటల డీఎన్‌ఏ తయారుచేసే ఎంజైమ్ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్. ఇలా ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ చేసుకుని కణం డీఎన్‌ఏలో కలిసిపోయే హెచ్‌ఐవీ లాంటివే రెట్రోవైరస్‌లు. 1970లో శాస్త్రవేత్తలు టెమిన్, బాల్టిమోర్ విడివిడిగా దాన్ని కనిపెట్టారు, 1975లో నోబెల్ అందుకున్నారు. ఇక్కడ ఎక్కువసేపు ఆగకండి, అసలు పని ముందుంది.

పెద్ద తాడును నేల మీద పరిచి, మధ్యలో పురి వదులు చేయండి. మీకు దగ్గరున్నది ఇవతలి పేట, దూరంగా ఉన్నది అవతలి పేట. రెండింటి మీదా ఎదురెదురుగా, సెంటీమీటరుకొకటి చొప్పున అయిదు ఎర్ర గుర్తులు పెట్టండి. ఒక్కో గుర్తు డీఎన్‌ఏలో ఒక్కో అక్షరం, అంటే బేస్.

ఇప్పుడు నీలం ముక్క. దాని కుడి కొసన అవతలి పేటను, ఎడమ కొసన ఇవతలి పేటను రెండేసి సెంటీమీటర్లు కత్తిరించండి. ఇంటిగ్రేజ్ అనే ఎంజైమ్ మొదట చేసేది ఇదే, వైరస్ డీఎన్‌ఏ రెండు చివర్లలోనూ ఒక్కో పేట నుంచి రెండేసి అక్షరాలు తీసేస్తుంది.

తర్వాత పెద్ద తాడు అవతలి పేటను ఎర్ర గుర్తులకు ఎడమ అంచున, ఇవతలి పేటను కుడి అంచున కోయండి. నేను మొదటిసారి రెండు పేటలనూ ఒకేచోట కోసేశాను, ఆటంతా పాడైంది. ఆ అయిదు గుర్తుల దూరమే ప్రాణం. లాగితే రెండు ముక్కలకూ ఒక్కో ఎర్ర తోక మిగులుతుంది. నీలం ముక్కలో మనం కత్తిరించిన కొసలను ఆ ఎర్ర తోకలకు టేపుతో అతికించండి. కణంలో అయితే కోయడం, అతకడం ఒకే చర్యలో జరిగిపోతాయని తప్పకుండా చెప్పండి.

ఇంకా రెండు చోట్ల ఖాళీ ఉంది, నీలం కొసలు రెండు వేలాడుతున్నాయి. వాటిని కోసి, ఖాళీల్లో విడి పేటలు పెట్టి ఎర్ర రంగు వేయమని పిల్లలకే ఇవ్వండి. ఆ పని వైరస్‌ది కాదు, కణంలోని మరమ్మతు ఎంజైములది. పూర్తయ్యాక చూడండి, నీలానికి ఇటు అయిదు, అటు అయిదు ఎర్ర జంటలు! హెచ్‌ఐవీ చేరిన ప్రతిచోటా ఇలా అయిదు అక్షరాలు రెండుసార్లు కనిపిస్తాయి. ఎలుకలకు లుకీమియా, అంటే రక్త క్యాన్సర్ తెచ్చే రెట్రోవైరస్ అయితే నాలుగు. పురి బిగించాక ఆ అమ్మాయి నీలం ముక్కను లాగి చూసింది. "ఇక ఊడదన్నమాట," అంది.

మందులూ తాడు మీదే చెప్పండి. నీలం కొసలకు ముందే టేపు చుట్టేస్తే అతకవు. రాల్టెగ్రావిర్, డోలుటెగ్రావిర్ చేసేది అలాంటి పనే. అప్పటికే అతికిన దాన్ని మాత్రం అవి ఊడదీయలేవు. ఆ పిల్ల ప్రశ్నకు జవాబు అదే.

ఊడకపోవడమే పరిశోధకులకు వరం. నీలం ముక్క రెండు చివర్లూ ఉంచి, మధ్యభాగం తీసేసి పచ్చ తాడు కట్టండి. వైరస్ జన్యువులు తీసేసి మనకు కావలసిన జన్యువు పెట్టడమంటే ఇదే. కణాల్లోకి చేర్చే వైరస్ కణిక తయారీకి కావలసిన ప్రొటీన్లను ప్రయోగశాలలో ప్లాస్మిడ్లనే విడి డీఎన్‌ఏ వలయాల మీద అందిస్తారు. అందుకే ఆ కణిక ఒకసారి అతుకుతుంది, పిల్లలు పెట్టదు. కణం విడిపోయినప్పుడల్లా పచ్చ ముక్క కూడా నకలవుతుంది కాబట్టి, ఏ కణం ఏ కణానికి పుట్టిందో వెతకడానికీ వాడతారు. 2023లో మన దేశంలో అనుమతి పొందిన నెక్స్‌కార్19 క్యాన్సర్ చికిత్సలో రోగి టీ కణాలకు (రోగాలతో పోరాడే తెల్లరక్త కణాలు) కొత్త జన్యువు ఇలాగే, హెచ్‌ఐవీ కుటుంబపు లెంటివైరస్ వాహకంతో, అంటే జన్యువును మోసుకెళ్లేలా మార్చిన వైరస్‌తో చేరుతుంది.

చివరగా పెద్ద తాడు పొడవునా జన్యువుల పేర్లు రాసిన చీటీలు కట్టి, కళ్లు మూసుకుని ఒకచోట పట్టుకోమనండి. ఎక్కడ అతుకుతుందో ఎవరూ ముందే చెప్పలేరు. పారిస్‌లో పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని పిల్లలకు చేసిన జన్యుచికిత్స చాలామందికి ప్రాణం పోసింది. కానీ వారిలో కొందరిలో వాహకం ఎల్‌ఎంఓ2 అనే జన్యువు పక్కన చేరి దాన్ని రెచ్చగొట్టడంతో లుకీమియా వచ్చింది. అందుకే ఇప్పటి వాహకాల్లో కొసల్లో ఉండి పక్క జన్యువులను రెచ్చగొట్టే భాగాలను చాలావరకు తీసేస్తున్నారు. మీ నీలం కొసల్లో ఆ భాగాన్ని సుద్దతో తెల్లగా చేసి చూపండి.