డిస్కు నిండిపోయిందా? జాగా ఎవరు తిన్నారో టెర్మినల్లో కనిపెట్టడం ఎలా

లినక్స్ మిషను ఉన్నట్టుండి మొరాయించి, "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని తెరమీద చూపిస్తే చాలామంది కంగారులో కంటికి కనిపించిన నాలుగు ఫైళ్లు పీకేస్తారు. వాటిలో పనికొచ్చేది ఒకటి పోతుంది, ఖాళీ మాత్రం రాదు. ముందు లెక్క చూడండి, చెరపడం తర్వాత సంగతి.

ఇక్కడ కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాశాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో కొట్టండి. పెద్దబడి కావలసిన చోట విడిగా చెబుతాను, ఎందుకంటే లినక్స్‌కి ఆ రెండూ వేర్వేరు.

మొదట ఏ పార్టిషన్ (డిస్కును విడగొట్టిన భాగం) నిండిందో చూడాలి:

డీఎఫ్ -హెచ్

మొత్తం సైజు, వాడింది, మిగిలింది, వాడకం శాతం, ఆ పార్టిషన్ ఏ ఫోల్డరు దగ్గర తగిలించి ఉందో, అన్నీ వరుసగా కనిపిస్తాయి. హెచ్ పెట్టకపోతే అంకెలు కిలోబైట్లలో బారెడు పొడుగున వస్తాయి. ఉబుంటులో "లూప్" అనే పేర్లతో కొన్ని వరుసలు నూటికి నూరు శాతం నిండినట్టు కనిపిస్తే భయపడకండి. అవి స్నాప్ ప్యాకేజీలు (ఉబుంటులో ప్రోగ్రాములు వచ్చే మూటలు), చదవడానికే తప్ప రాయడానికి వీల్లేనివి, పుట్టుకతోనే నిండుగా ఉంటాయి. అలాగే 500 జీబీ అని కొన్న డిస్కు 466 అని చూపిస్తే కొట్టువాడు మోసం చేసినట్టు కాదు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, చిన్నబడి హెచ్ 1024తో లెక్కిస్తుంది. పెద్దబడి హెచ్ పెడితే ఇదీ వెయ్యి లెక్కలోకి వస్తుంది.

రెండో అడుగు, ఆ పార్టిషన్‌లో బరువైన ఫోల్డరు ఏదో తేల్చడం. అసలు పనంతా ఇక్కడే:

సుడో డీయూ -ఎక్స్‌హెచ్ -డీ 1 / | సార్ట్ -హెచ్

సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడుపు అని. డీయూ ఫోల్డర్లను తూకం వేస్తుంది. "-డీ 1" అంటే ఒక్క మెట్టు వరకే చూపించు అని. ఎక్స్ పెడితే పక్క పార్టిషన్లలోకి, తగిలించి ఉన్న పెన్‌డ్రైవ్‌లలోకి పోకుండా ఉన్నచోటే లెక్కపెడుతుంది. దీన్ని మరిచిపోతే బ్యాకప్ డిస్కు మొత్తాన్ని కూడా తవ్వుతూ కూర్చుంటుంది, మీరు టీ తాగి వచ్చినా పని అవ్వదు. సార్ట్ వల్ల బరువైనవి కిందికి వస్తాయి: అట్టడుగున మొత్తం లెక్క, దాని పై వరుసలోనే అన్నిటికన్నా బరువైన ఫోల్డరు కనబడుతుంది. సుడో లేకపోతే కొన్ని ఫోల్డర్లలోకి అనుమతి దొరక్క మొత్తం తక్కువగా వస్తుంది.

బరువైన ఫోల్డరు దొరికాక, ఏటవాలు గీత (/) స్థానంలో దాని పేరు పెట్టి అదే కమాండ్‌ను మళ్లీ కొట్టండి. అలా మెట్టు మెట్టుగా దిగితే మూడు నాలుగు సార్లలో దొంగ దొరుకుతాడు. సర్వర్లలో మామూలుగా తేలేది /వార్/లాగ్ (ప్రోగ్రాములు రాసుకునే చిట్టాలు, అంటే లాగులు ఉండే ఫోల్డరు), ఇళ్లలోని లాప్‌టాపుల్లో డౌన్‌లోడ్స్, లేదంటే చుక్కతో మొదలయ్యే క్యాష్ ఫోల్డరు. ఈ చుక్క ఫోల్డర్ల దగ్గరే కొత్తవాళ్లు పప్పులో కాలేస్తారు: "డీయూ -ఎస్‌హెచ్ *" అని కొడితే నక్షత్రం దాచిన ఫైళ్లను పట్టించుకోదు. పైన చెప్పిన తీరులో ఆ చిక్కు లేదు.

ఇంకొక పొరపాటు, ఫోల్డరు బరువును "ఎల్‌ఎస్ -ఎల్" తో చూడటం. అది చూపించే 4096 ఫోల్డరు అనే చీటీ సైజు, లోపలున్న సరుకుది కాదు. ఫైళ్ల విషయంలోనూ ఎల్‌ఎస్, డీయూ ఒకే మాట చెప్పవు. ఒక్క అక్షరం ఉన్న ఫైలును ఎల్‌ఎస్ ఒక బైటు అంటుంది, డీయూ సాధారణంగా 4కే అంటుంది. డిస్కు చిల్లర ఇవ్వదు, బ్లాకు చొప్పునే ఇస్తుంది.

ఇక నన్ను ఒక రాత్రంతా కూర్చోబెట్టిన చిక్కు. ఒకచోట సర్వరు నిండితే 30 జీబీల లాగ్ ఫైలు దొరికింది, సంతోషంగా తీసేశాను. డీయూ తగ్గినట్టు చూపించింది, డీఎఫ్ మాత్రం కదల్లేదు. కారణం తర్వాత తెలిసింది: ఫైలు పేరును చెరిపినా, ఒక ప్రోగ్రాం దాన్ని తెరిచి పట్టుకుని ఉన్నంతసేపు డిస్కు ఆ జాగాను వదలదు. డీయూ పేర్ల వెంట నడుస్తుంది కాబట్టి దానికి కనిపించదు, డీఎఫ్ ఫైల్‌సిస్టమ్‌నే అడుగుతుంది కాబట్టి నిజం చెబుతుంది. ఇలాంటి దెయ్యాల్ని పట్టడానికి:

సుడో ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1

ఈ కూడిక పక్కనున్న ఎల్ పెద్దబడి. వచ్చిన జాబితాలో ఏ ప్రోగ్రాం పట్టుకుందో చూసి దాన్ని రీస్టార్ట్ చేస్తే జాగా వస్తుంది. అసలు నడుస్తున్న లాగ్‌ను చెరపకుండా "సుడో ట్రంకేట్ -ఎస్ 0" పక్కన ఫైలు పేరు రాసి ఖాళీ చేసి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర దక్కేది.

డీఎఫ్‌లో వాడింది, మిగిలింది కలిపినా మొత్తం రాకపోతే అది ఈ చిక్కు కాదు. ఎక్స్ట్4 ఫైల్‌సిస్టమ్ మామూలుగా 5 శాతం రూట్ (అడ్మిన్ ఖాతా) కోసం పక్కన పెట్టుకుంటుంది.

జాగా ఉన్నా "ఖాళీ లేదు" అంటుంటే "డీఎఫ్ -ఐ" కొట్టండి. ఒక్కో ఫైలుకు దాని వివరాలు రాసుకునే ఐనోడ్ ఒకటి కావాలి. చిన్నచిన్న సెషన్ ఫైళ్లు లక్షల్లో పేరుకుంటే జీబీలు మిగిలే ఉంటాయి, ఐనోడ్లు అయిపోతాయి. అవి ఏ ఫోల్డరులో గుంపు కట్టాయో "సుడో డీయూ --ఐనోడ్స్ -ఎక్స్ -డీ 1 /" చెబుతుంది.

తీసేసే ముందు సులువుగా దొరికే జాగా రెండు చోట్ల ఉంటుంది. డెబియన్, ఉబుంటులలో "సుడో ఏపీటీ క్లీన్" దించుకున్న ప్యాకేజీలను ఊడుస్తుంది. "జర్నల్‌సీటీఎల్ --డిస్క్-యూసేజ్" సిస్టమ్ లాగులు ఎంత తిన్నాయో చెబుతుంది, "సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం" పాతవాటిని కత్తిరిస్తుంది. ఎం పెద్దబడి.

ఇదంతా పదేపదే కొట్టడం విసుగనిపిస్తే ఎన్‌సీడీయూ అనే ప్రోగ్రాం వేసుకోండి. బాణాల మీటలతో ఫోల్డర్లలోకి దిగుతూ పైకి వస్తూ చూడొచ్చు. కాకపోతే అందులో డీ మీట చెరపడానికి. వేరేవాళ్ల సర్వరు మీద నేను దాన్ని "-ఆర్" పెట్టి, చదవడానికి మాత్రమే తెరుస్తాను.