వైఫై పేరు దాచకండి, పాస్‌వర్డ్ గట్టిగా పెట్టండి
ఇంట్లో వైఫై పేరు కనబడకుండా దాచేస్తే ఇక ఎవరూ చొరబడలేరని చాలామంది అనుకుంటారు. నేనూ రెండేళ్లు అలాగే ఉంచాను. అమ్మ ఫోను మేడ మీదికెళ్లి దిగేసరికి వైఫై వదిలేసి మొబైల్ డేటా మీద నడిచేది. కొత్తగా కొన్న వైఫై బల్బుకైతే నెట్‌వర్కే కనబడలేదు.

రూటర్ మామూలుగా సెకనుకు దాదాపు 10 సార్లు తన పేరు చాటుతుంది. దాచినా ఆ సంకేతం ఆగదు, అందులో పేరు మాత్రం ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఫోనే పేరు పెట్టి పిలుస్తూ వెతకాలి. చాలా ఫోన్లు బజారుకెళ్లినా, బస్సెక్కినా ఆ పిలుపు మానవు. ఆ పిలుపులు పట్టే సాఫ్ట్‌వేర్ ఉన్నవాడికి మీరు దాచిన పేరే దొరుకుతుంది!

రూటర్ సెట్టింగుల్లో ‘హైడ్ ఎస్‌ఎస్‌ఐడి’ (అంటే వైఫై పేరు దాచు) దగ్గర టిక్కు తీసేయండి. ఫోన్లో పాత నెట్‌వర్క్‌ను ‘ఫర్గెట్’ కొట్టి మళ్లీ కలపండి, లేకపోతే పాత పద్ధతిలోనే వెతుకుతూ ఉండొచ్చు. వైఫైకి తాళం వేసే పద్ధతుల్లో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకుని, 15 అక్షరాలకు తగ్గని పాస్‌వర్డ్ పెట్టండి. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేయండి. వైఫై పేరులో ఫ్లాట్ నంబరు, ఇంటిపేరు మాత్రం వద్దు.