విజయనగరం నుంచి సాలార్‌జంగ్ మ్యూజియానికి: వెళ్లేముందు జాగ్రత్తలు

ముందు వారం చూసుకోండి. సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు. గురువారం సాయంత్రం మన ఊళ్లో రైలెక్కితే హైదరాబాద్‌లో దిగేది సరిగ్గా ఆ రోజే! మేమూ అలాగే వెళ్లి, ఆ పూటంతా చార్మినార్ చుట్టూ తిరిగాం.

టికెట్ ధర, కెమెరా రుసుము మారుతుంటాయి, బయల్దేరేముందు వెబ్‌సైట్‌లో చూడండి.

పెట్టెలు స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టేయండి.

పిల్లలుంటే గంటల గడియారం దగ్గరికి, అది గంట కొట్టే వేళకి పది నిమిషాల ముందే చేరాలి. చిన్న బొమ్మ బయటికొచ్చి, గంట కొట్టి, లోపలికెళ్లిపోతుంది. ఆలస్యమైతే కనిపించేవి ముందువాళ్ల తలలే.

కాళ్లు పీకకముందే ముసుగు రెబెక్కా శిల్పాన్ని చూసేయండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కింది. పల్చటి మేలిముసుగు, దాని వెనక ముఖం, అంతా పాలరాయే. మా అమ్మయితే "గుడ్డ కాదేటి?" అని రెండుసార్లు అడిగింది.